నీళ్ళ మీద ఉపవాసం

మా అత్తగారు విడొసావ ఒక శుక్రవారం పొద్దున కోలో నాట్యం సాధన మధ్యలో పడిపోయారు. ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసాల్లో అది రెండో వారం. పడిపోయారంటే ఆవిడ ఒప్పుకోరు. కాసేపు కూర్చున్నానంటారు. కుర్చీ లేనిచోట కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని కూర్చోవడాన్ని ఇంకేమంటారో నాకు తెలియదు. ఆవిడని నేల తగలకుండా పట్టుకున్న పెరూనికా మాత్రం మా నీష్ ఊరంతా తిరిగి 'పడిపోయింది' అనే చెప్పింది.

పడినందుకు కాదు ఆవిడ బాధ, పెరూనికా చేతుల్లో పడినందుకు.

కోలోలో అందరూ చేతులు పట్టుకుని గొలుసులా కదులుతారు. గొలుసు మొదట నిలబడ్డవాళ్ళు చేతిరుమాలు ఊపుతూ ఎటు తిప్పితే అందరూ అటు తిరగాలి. మా ఊరి పింఛనుదార్ల బృందంలో ఆ రుమాలు మా అత్తగారిది. ఆవిడ పక్కన రెండో స్థానం పెరూనికాది, చాలా ఏళ్ళుగా. రెండో స్థానంలో ఉన్నవాళ్ళకి మొదట నిలబడ్డవాళ్ళ ఆరోగ్యం మీద ఎప్పుడూ ఒక శ్రద్ధ ఉంటుంది. ఈస్టర్ తర్వాత పిరోట్‌లో ఉత్సవం. చుట్టుపక్కల ఊళ్ళ బృందాలన్నీ వస్తాయి. విడొసావ రాలేకపోతే రుమాలు పెరూనికా పట్టుకుంటుందని, అకార్డియన్ వాయించి అందరికీ అడుగులు నేర్పే స్రెతెన్ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గుండెకి తీసిన ఈసీజీ బాగానే ఉందన్నారు. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగారు, వేసుకుంటున్నానన్నారు. వేళకి తింటున్నారా అని అడిగారు, నాకు సరిపడా తింటున్నానన్నారు. డాక్టరు కాసేపు కాగితాలు తిప్పి, "వయసండీ" అన్నాడు. మందు రాయనక్కర్లేని జబ్బు అదొక్కటే.

మా ఆయన బ్లాగోయెకి ఆ మాట చాలు. ఒక్కడే కొడుకు. తల్లి అంటే ప్రాణం. ఆ ప్రాణం చూపించడానికి అతనికి తెలిసిన దారి ఒకటే, వద్దనడం. నిచ్చెన ఎక్కొద్దు, కిటికీ ఎదురుగా కూర్చోవద్దు, చలిగాలి తగులుతుంది, ఇప్పుడు కోలో వద్దు. మాటతో ఆగలేదు. ఆవిడ నాట్యానికి తొడుక్కునే ముక్కు వంగిన తోలుజోళ్ళు తీసుకుపోయి గరాజులో చలికాలపు టైర్ల వెనక దాచాడు. దాచినట్టు నాతో చెప్పాడు. ఎక్కడని నేను అడగలేదు. ఆ గరాజులో అతను ఇంకేం దాచినా టైర్ల వెనకే దాస్తాడు.

"వయసుకి తగ్గట్టు కూర్చోమ్మా. కూర్చుంటే ఎవరూ పడరు" అన్నాడు.

"కూర్చుని కూర్చుని మీ నాన్న ఏకంగా పడుకున్నాడురా" అన్నారు ఆవిడ. "మళ్ళీ లేచాడా?"

ఆ మాట తర్వాత ఇంట్లో తల్లీకొడుకులు నా ద్వారా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఉప్పందించమని ఆవిడతో చెప్పు, ఉప్పు అతని మోచేతి దగ్గరే ఉందని చెప్పు. ఇలా ఒక వారం గడిచాక ఇస్క్రా వచ్చింది.

ఇస్క్రా మా అక్క కూతురు. డాక్టరు చదువు అయిపోయింది, ఇప్పుడు పెద్ద పట్టా కోసం పరిశోధన చేస్తోంది. రాగానే స్లాత్కో పెట్టాను. గాజుగిన్నెలో పుల్లచెర్రీల పాకం, చెంచా, పక్కన గ్లాసుడు చన్నీళ్ళు. మా వైపు ఎవరింటికి ఎవరొచ్చినా ముందు ఆ ఒక్క చెంచా నోట్లో పడాలి, నీళ్ళు తాగాలి, ఆ తర్వాతే మాట. చెంచా వద్దంటే ఇంటిని వద్దన్నట్టు. ఇస్క్రా ఒకసారి పళ్ళ డాక్టరు చెప్పాడని చెంచా వెనక్కి పెట్టేస్తే, మా అత్తగారు ఆ ఏడాదంతా ఆ పిల్లని పేరుతో పిలవలేదు, 'ఆ వచ్చిన అమ్మాయి' అన్నారు. అందుకని ఇప్పుడు బుద్ధిగా తిని, నీళ్ళు తాగి, అప్పుడు సంగతి చెప్పింది.

దాని పరిశోధనకి మనుషులు కావాలట. కుర్రవాళ్ళు, పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒళ్ళు కదిలించేవాళ్ళు, కదిలించనివాళ్ళు. అందరి రక్తం తీసి, కాసేపు కదలని సైకిలు తొక్కించి, మళ్ళీ తీసి, లోపల యాంటీ ఆక్సిడెంట్ల కాపలా ఎవరిలో ఎలా ఉందో చూడాలి. కుర్రవాళ్ళు దొరికారు. డెబ్బై దాటి, వారం వారం చెమట పట్టేలా ఆడే ఆడవాళ్ళే దొరకడం లేదు.

"దొరికేదాన్ని. జోళ్ళు పోయాయి" అన్నారు మా అత్తగారు, కిటికీలోంచి గరాజు వైపు చూస్తూ.

కాపలా అంటే ఏమిటని నేనడిగాను. ఇస్క్రా బల్ల మీద ఆపిల్ తీసి రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద నిమ్మరసం పిండింది. రెండోదాన్ని అలాగే వదిలేసింది. మేం మాట్లాడుతుండగానే అది గోధుమరంగు తిరగడం మొదలైంది.

"మనం పీల్చే గాలే పిన్నీ ఇదంతా చేసేది. అది లేకపోతే బతకం, ఉంటే కొంచెం కొంచెంగా తుప్పు పడతాం. ఒంట్లో దాని సొంత నిమ్మరసం ఉంటుంది. కొంత తిండిలోంచి వస్తుంది, కొంత కణాలే తయారుచేసుకుంటాయి."

వయసుతో ఆ తయారీ మందగిస్తుందట. ఆడవాళ్ళకి నెలసరి ఉన్నన్నాళ్ళు ఒంట్లోని హార్మోన్లు ఆ పనిలో చెయ్యి సాయం చేస్తాయని, ఆగాక సాయం తగ్గుతుందని అనుకుంటున్నారట. వ్యాయామం సంగతి ఇంకా విచిత్రం. ఎప్పుడూ కదలనివాడు ఒక్కసారిగా పరుగెడితే తుప్పు పెరుగుతుంది. రోజూ కదిలేవాడికి ఆ చిన్న చిన్న దెబ్బలకే కాపలా గట్టిపడుతుంది. అయితే ఇదంతా అందరిలో ఒకేలా ఉండదు, అందుకే కొలుస్తున్నామంది.

"సైన్యంలాంటిదన్నమాట. యుద్ధం లేకపోతే నిద్రపోతారు" అన్నారు అత్తగారు.

"యుద్ధంలో చచ్చేవాళ్ళూ ఉంటారని ఆవిడతో చెప్పు" అన్నాడు బ్లాగోయె, నాతో.

ఇస్క్రా అతని వైపు తలెత్తి చూసింది. మనిషిని కాదు, ముందు పొట్టని చూసింది. ఒళ్ళు కదిలించని మగవాళ్ళ గుంపులో ఒకరు తక్కువయ్యారు బాబాయ్, వస్తావా అంది. ఆ గుంపులోకి తనను అంత తడుముకోకుండా ఎంచుకున్నందుకు అతనికి కొంచెం కోపం వచ్చింది. నేను కూడా రావచ్చంది. పిన్ని ఏమైనా వ్యాయామం చేస్తుందా అని అడిగితే, లేదని బ్లాగోయె నా తరఫున జవాబు చెప్పాడు. బజారు నుంచి మిరపకాయల బస్తా లిఫ్టు లేని నాలుగో అంతస్తుకి మోసుకురావడం వ్యాయామం కాదు, దానికి ఎవరూ ప్రత్యేకం బూట్లు కొనుక్కోరు కాబట్టి. నేను రానన్నాను. అందరూ ఉపవాసాలు ఉంటే మధ్యాహ్నం వండింది తినడానికి ఒకరైనా ఉండాలి కదా.

పందెం కట్టింది మా ఆయనే. తల్లి రక్తం తన రక్తం కన్నా బాగుంటే జోళ్ళు బయటికొస్తాయి. లేకపోతే పిరోట్ లేదు, కోలో లేదు, రుమాలు పెరూనికాకి. తగువు తెగిపోతుందని చాలా న్యాయంగా చెప్పాడు. ఇస్క్రా, ఇది పరుగుపందెం కాదు బాబాయ్, ఒక మనిషి అంకె పట్టుకుని ఆ మనిషి ఆడాలో వద్దో చెప్పడం కుదరదు అంది. దాని మాట ఎవరూ వినలేదు. ఆ వారంలో తల్లీకొడుకులు మొదటిసారి నేరుగా ఒకరినొకరు చూసుకున్నారు.

"చెయ్యి వెయ్యి" అన్నారు ఆవిడ.

వేశాడు.

వెళ్ళేముందు ఇస్క్రా గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. మూడు రోజులు ద్రాక్షసారా వద్దు, నేరేడురంగు పళ్ళరసాలేవీ వద్దు. గురువారం పొద్దున్నే రావాలి.

"ఉపవాసంతో రండి. నీళ్ళ మీదే ఉండండి" అంది.

"అది నాకు నువ్వు చెప్పాలా పిల్లా?" అన్నారు మా అత్తగారు, కొంచెం నొచ్చుకుని.

గురువారం నేను లేచేసరికి ఆవిడ తయారై కూర్చున్నారు. ఆదివారం గుడికి కట్టుకునే బట్టలు, మెడలో పూసలు. అంట్ల తొట్టి పక్కన ఒక గిన్నె కడిగి బోర్లించి ఉంది. రాత్రిదనుకున్నాను. వంటింట్లో ప్రతి గిన్నె గురించీ ఆలోచిస్తే ఈ జన్మ చాలదు.

ప్రయోగశాలలో రక్తం తీసేముందు ఇస్క్రా మళ్ళీ అడిగింది.

"ఉపవాసమేనా మామ్మా?"

"నీళ్ళ మీదే పిల్లా" అన్నారు ఆవిడ, చెయ్యి చాపి.

ముందు బ్లాగోయెని సైకిలెక్కించారు. అది ఎక్కడికీ కదలదు, అయినా కొండెక్కుతున్నట్టుందని గొణుగుతూ తొక్కాడు. దిగాక గోడని కొంచెంసేపు స్నేహితుడిలా పట్టుకున్నాడు. మా అత్తగారు ఎక్కేముందు అకార్డియన్ లేదా అని అడిగారు. లేదంటే, పెదాల మధ్య తనే ఏదో పాట పెట్టుకుని, ఆ తాళానికి తొక్కారు. తాళం మధ్యలో కోలోకి ఉండే ఒక తూగు ఉంటుంది, అక్కడికి రాగానే సైకిలు కూడా తూగేది. దిగాక మళ్ళీ రక్తం ఇచ్చి, పూసలు సరిచేసుకుని, కొడుకుతో "ఇంటికి నడిచి వెళదామా, బండి తెప్పించనా?" అన్నారు. బండిలోనే వచ్చాం.

శనివారం ఇస్క్రా వచ్చింది. స్లాత్కో తింది, నీళ్ళు తాగింది, కానీ దాని ముఖం చూస్తే చెంచాలో తీపి ఉన్నట్టు లేదు. బ్లాగోయె టీవీ ఆపేశాడు. మా అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, తీర్పు వినేవాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నారు. పిరోట్ దగ్గరపడుతోంది. పెరూనికా కొత్త పరికిణీ కుట్టించుకుంటోందని ఆ పొద్దునే తెలిసింది.

"మామ్మా, నిజం చెప్పు" అంది ఇస్క్రా. "గురువారం పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తిన్నాను? ఉపవాసమన్నావుగా."

"నీ రక్తంలో చక్కెర అప్పుడే భోంచేసి లేచినవాళ్ళ లెక్కలో ఉంది."

"భోజనమేమిటి? రాత్రి చిక్కుళ్ళు మిగిలితే వేడిచేసుకున్నాను. రొట్టెముక్క. అంతే. నీళ్ళ మీద."

ముందు నాకు వెలిగింది. బోర్లించిన గిన్నె కళ్ళముందు కనపడింది. నేను లేచి, అక్కర లేకపోయినా వెళ్ళి నీళ్ళ కుళాయి విప్పాను. ముఖం అటు తిప్పుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకలేదు.

ఉపవాసాల రోజుల్లో మా వంటలు రెండు రకాలు. నూనె మీద వండేవి, నీళ్ళ మీద వండేవి. మాంసం, పాలు, గుడ్లు ఎటూ ఉండవు. నూనె కూడా మానేస్తే అది నీళ్ళ మీద ఉపవాసం. చిక్కుళ్ళు, బంగాళాదుంపలు, ఉడికిస్తే దురద పోయే దూలగొండాకు పులుసు, అన్నీ చుక్క నూనె లేకుండా. ఈ ఊళ్ళో ఏ పెద్దావిడని పట్టుకుని నీళ్ళ మీద ఉండమన్నా పొయ్యి మీద చిక్కుళ్ళే పెడుతుంది. ఇస్క్రాకి అది తెలుసు. వాళ్ళమ్మా అలాగే వండుతుంది. కానీ తెల్లకోటు తొడుక్కున్నాక ఒకే మాటకి ఇంకో అర్థం వచ్చి కూర్చుంటుంది, పాత అర్థం ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

"గురువారం అసలు నూనె వేసుకోవచ్చు, తెలుసా?" అన్నారు అత్తగారు. గొంతులో నిష్ఠూరం. "నీ చదువు కోసమని నూనె మానుకున్నాను. ఎవరు మానతారు?"

"మామ్మా, ఉపవాసమంటే ఏమీ తినకూడదు. నోట్లో నీళ్ళు తప్ప ఇంకేమీ వెయ్యకూడదు."

"ఏమీ అంటే ఏమీనా? అలాగైతే శుక్రవారం ఉపవాసమని చెప్పాల్సింది."

అన్నాక ఆవిడ నోరు మూసుకున్నారు. మూసుకున్న తీరు చూస్తే తెలిసింది, మూయాల్సింది ఒక మాట ముందు.

"శుక్రవారం ఏమిటి?" అంది ఇస్క్రా.

"శుక్రవారం శుక్రవారమే."

నేను కుళాయి కట్టేశాను. శుక్రవారాలు నేను పొద్దున్నే బజారుకి పోతాను. వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. మీరు తిన్నారా అంటే, నాది అయిందంటారు. అవును మరి, ఆవిడది అయిపోయింది. దేనికి అయిందో నేనెప్పుడూ అడగలేదు. సాయంత్రం గుడి నుంచి వచ్చాక మాత్రం ఇద్దరు మనుషులంత తినేవారు. ఈ వయసులో ఎంత ఆకలో అని నేను మెచ్చుకునేదాన్ని కూడా.

"మామ్మా, నువ్వు పడిపోయిన శుక్రవారం" అంది ఇస్క్రా నెమ్మదిగా.

"కూర్చున్న శుక్రవారం."

"కూర్చున్న శుక్రవారం, పొద్దుటి నుంచి ఏం తిన్నావు?"

"చెప్పుకున్న ఉపవాసం ఉపవాసం కాదు పిల్లా. అది నాకూ దేవుడికీ మధ్య."

"రక్తపోటు మాత్ర?"

"మాత్ర తిండి కాదుగా. వేసుకున్నాను."

ఇస్క్రా బ్లాగోయె వైపు చూసింది. బ్లాగోయె తల్లి వైపు చూశాడు. ఇస్క్రా చెప్పడం పూర్తిచేసింది. ఖాళీ కడుపు, పైన మాత్ర, పైన గంటసేపు కోలో. కుర్రవాళ్ళయినా కూర్చుంటారు. ఇది వయసు కాదు, గుండె జబ్బు అనడానికీ లేదు, అయినా గుండె డాక్టరుకి ఈ మాట చెప్పి ఇంకోసారి చూపించుకోవాలి. శుక్రవారం సాధనకి ముందు ఏదైనా నోట్లో పడాలి. లేకపోతే బాబాయ్ అన్నది రైటే, ఆడకూడదు.

"విన్నావా అమ్మా?" అన్నాడు బ్లాగోయె. ఈసారి నా ద్వారా కాదు. "ఆ ఉపవాసమైనా మానెయ్, ఆ ఆటైనా మానెయ్."

"రెండూ మాననురా."

"ఎందుకు మానవు? శుక్రవారం సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉండమని ఏ పాదిరి చెప్పాడు?"

"పాదిరి కాదు. నేనే మొక్కుకున్నాను. ఒక పిల్లాడు ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉంటే, బతికిస్తే పెద్ద ఉపవాసాల శుక్రవారాలు నేను బతికున్నన్నాళ్ళూ నీవేనని మొక్కుకున్నాను. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. నేను తప్పనా?"

ఆ పిల్లాడెవరో నేను చెప్పను. ఇప్పుడు అతనికి కుడికాలి బొటనవేలు వాచి ఉంది, టీవీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చాలాసేపు కాలి వేలినే చూసుకున్నాడు. ఆ తర్వాత, ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "అది సరే, పందెం ఎవరు గెలిచారు?" అన్నాడు.

ఇస్క్రా ముందు చెప్పనంది. మామ్మ నమూనా పనికిరాదు, మంగళవారం మళ్ళీ తియ్యాలి అంది. అతను వదల్లేదు. సరే, నీ సంగతే చెబుతాను, మొత్తం అంకె చూస్తే నీది చాలా ఎక్కువుంది బాబాయ్ అంది. బ్లాగోయె భుజాలు మెల్లగా పైకి లేచాయి. నా వైపు కూడా చూశాడు.

"మగవాళ్ళకి సాధారణంగా ఎక్కువే ఉంటుంది" అంది ఇస్క్రా. "ఆ అంకెలో పెద్ద భాగం యూరిక్ ఆమ్లానిది. అదీ యాంటీ ఆక్సిడెంటే. ఎక్కువైతే కీళ్ళలో గడ్డకడుతుంది. నీ వేలు వాచింది దానివల్లే అయ్యుంటుంది. రేపే ఎవరికైనా చూపించు."

భుజాలు దిగాయి. నీ వేలు వాపే నీ కాపలా అన్నమాట, అన్నాను నేను. అతను నవ్వలేదు. మా అత్తగారు కూడా నవ్వలేదు, చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. కొంచెం ఎక్కువసేపే తుడుచుకున్నారు.

ఇస్క్రా వెళ్ళాక అతను గరాజుకి పోయి జోళ్ళు తెచ్చి తల్లి మంచం పక్కన పెట్టాడు. గెలిచినందుకా, ఓడినందుకా అని నేనడగలేదు. పెట్టి, "శుక్రవారం మాత్రం తినకుండా వెళ్ళనివ్వను" అన్నాడు. "తిని వెళ్ళను" అన్నారు ఆవిడ. అంటే జోళ్ళు ఇంట్లోకి వచ్చాయి గానీ తగువు గుమ్మం దాటలేదు. మొక్కు అతని కోసమే కాబట్టి మానెయ్యమని గట్టిగా అనలేడు. అతని కోసమే కాబట్టి ఆవిడ మానలేరు. శుక్రవారం సాధనకి రెండుసార్లకి మించి రాకపోతే రుమాలు చేతులు మారుతుందని స్రెతెన్ నియమం. ఆ రెండూ అప్పటికే అయిపోయాయి.

ఆ రాబోయే శుక్రవారానికి ముందు రోజు నేను బజారులో పెరూనికాని కలిశాను. నిజం చెప్పాలంటే, కలవడానికే వెళ్ళాను. ఆమె ఇల్లు నిషావా ఏటి ఒడ్డున, సాధన జరిగే హాలుకి వెళ్ళే దారిలోనే. కుశలం అడిగాను, పరికిణీ అడిగాను. మీ కొత్త కర్టెన్ల గురించి మా అత్తగారు ఒకటే మాట్లాడుతున్నారు, కానీ అడగడానికి మొహమాటం, రేపు సాధనకి వెళ్ళేముందు ఒకసారి రమ్మని పిలిస్తే సంతోషిస్తారు అన్నాను. అడవి స్ట్రాబెర్రీల స్లాత్కో మీలా ఎవరూ చెయ్యలేరని కూడా అన్నాను. ఆ రెండోది అబద్ధం కాదు. మొదటిది, మా అత్తగారికి ఆ కర్టెన్లు ఉన్నాయని కూడా తెలియదు.

ఉపవాసం సంగతి పెరూనికాకి చెప్పలేదు. అది ఆవిడకీ దేవుడికీ మధ్య. నేను కర్టెన్ల గురించి మాత్రమే మాట్లాడాను.

శుక్రవారం పొద్దున పెరూనికా ఫోన్ చేసి పిలిచింది. పిలిస్తే వెళ్ళకపోవడం, అదీ తనని చేతుల్లో పట్టుకున్న మనిషి పిలిస్తే, మా అత్తగారికి చేతకాదు. బ్లాగోయె తోడు వెళ్ళాడు. వేలు చూసిన డాక్టరు నడవమన్నాడు, అది ఒక సాకు. గుమ్మంలో ఏం జరిగిందో అతనే వచ్చి చెప్పాడు. ఇంకా కుర్చీలో కూర్చోకముందే పళ్ళెం వచ్చింది. గాజుగిన్నె, చెంచా, చన్నీళ్ళు. అమ్మ ఆ చెంచా వైపు చూసింది. తర్వాత పెరూనికా వైపు చూసింది. పెరూనికా ఎదురుచూస్తోంది. గోడ మీది పటంలోని పుణ్యాత్ముడు కూడా ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడట.

తిన్నారు. వద్దంటే ఇంటిని వద్దన్నట్టు. అడవి స్ట్రాబెర్రీలు, చక్కెర, నీళ్ళు. నూనె లేదు, పాలు లేవు. ఇంకో చెంచా అని పెరూనికా బలవంతం చేస్తే అదీ తిన్నారు. ఒక ముక్క రొట్టె, వాల్‌నట్లు కూడా పెట్టింది, పెట్టాక కాదనడం ఎలా? ఆ రోజు కోలో మొదటి నుంచి చివరిదాకా ఆవిడే నడిపించారు. ఎక్కడా కూర్చోలేదు. స్రెతెన్ రెండుసార్లు వేగం పెంచి చూశాడట, అయినా కూర్చోలేదు.

అంతకుముందే, చెప్పినట్టు మంగళవారం, ఇస్క్రా మళ్ళీ రక్తం తీసింది. ఈసారి రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉండాలని చెప్పడానికి, "శుక్రవారంలాగా మామ్మా" అంది. సరిగ్గా అర్థమైంది. ఆ అంకె ఎంతో ఇస్క్రా ఇప్పటికీ చెప్పలేదు. అందరివీ కలిపితేనే దానికి అర్థం అంటుంది. తర్వాతెప్పుడో చెప్పింది, ఆడే పెద్దవాళ్ళ కాపలా కుర్చీలో కూర్చునేవాళ్ళ కన్నా మెరుగ్గా కనపడుతోంది, కానీ గుంపు చిన్నది, కాబట్టి గట్టిగా అనకండి అని. మా అత్తగారు మెట్ల మీద ఎదురైన వాళ్ళందరితో గట్టిగానే అంటారు.

ఆ తర్వాత పెద్ద ఉపవాసాల్లో మిగిలిన ప్రతి శుక్రవారం పెరూనికా ఇంటికి ఏదో ఒక పని పడింది. ఒకసారి కర్టెన్లు, ఒకసారి పరికిణీ అంచు, ఒకసారి పూలకుండీ. ప్రతిసారీ పళ్ళెం వచ్చింది. ప్రతిసారీ ఆవిడ ఇంటికి వచ్చి, చక్కెర మరీ ఎక్కువ వేస్తుంది, ఆ చేత్తో పాకం పట్టకూడదు అన్నారు. పిరోట్‌లో రుమాలు ఆవిడే ఊపారు. పెరూనికా పక్కనే రెండో స్థానంలో, కొత్త పరికిణీలో, చెయ్యి ఎప్పటికన్నా గట్టిగా పట్టుకుని ఆడింది. గొలుసు చివర ఒక పెద్దమనిషి తక్కువైతే బ్లాగోయెని లాగారు. వేలు నొప్పి అన్నాడు, ఎవరూ వినలేదు. చివర ఉన్నవాళ్ళు అందరికన్నా ఎక్కువ పరిగెత్తాలి, గొలుసు తిరిగినప్పుడల్లా విసిరేసినట్టవుతుంది. అతని ముఖం బీట్‌రూట్ అయింది. తల్లి ముందు నుంచి వెనక్కి తిరిగి చూసి, జాలి పడి వేగం తగ్గిస్తారనుకున్నాను. తగ్గించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చున్నారు. కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు.

"కోడలా, పెరూనికా కర్టెన్లు నాకు నచ్చాయని నేను ఎప్పుడన్నాను?"

"ఏమో అత్తయ్యా. నాకు గుర్తు లేదు."

"ఘోరంగా ఉన్నాయి. ఆవపిండి రంగు." మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. "వచ్చే ఏడు పెద్ద ఉపవాసాలకి ఇంకేదైనా కొనుక్కోమను. మళ్ళీ చూడ్డానికి వెళ్ళాలిగా."